ఎనిమిది నెలల జబ్బు తర్వాత: టెలిస్కోపు అమ్మేయాలా?

రాత్రి_కాపలా

చాలా కాలం తర్వాత రాస్తున్నాను. నా ఎనిమిది అంగుళాల అద్దం ఉన్న డాబ్సోనియన్ టెలిస్కోపును అమ్మేద్దామనుకుంటున్నాను. కొనేవారిని వెతకడానికి కాదు, ఈ నిర్ణయం సరైనదేనా అని అడగడానికే వచ్చాను.

జరిగింది ఇదీ. కడుపులో ఇన్ఫెక్షన్ వచ్చి తగ్గిన పది రోజులకు కాలివేళ్ళలో తిమ్మిరి మొదలైంది. రెండో రోజుకు మెట్లు ఎక్కలేకపోయాను. మొదట చూపించుకున్న చోట అలసట అని విటమిన్ మాత్రలిచ్చి పంపారు. నాలుగో రోజు చేతులు లేవలేదు. ఐదో రోజు నీళ్ళు మింగుడుపడలేదు. అప్పుడు ఇంకో ఆసుపత్రికి తీసుకెళ్తే గులియన్ బారే సిండ్రోమ్ అన్నారు. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తి నరాల మీదే తిరగబడే జబ్బు. ఐదు రోజులు ఇమ్యునోగ్లోబ్యులిన్ ఎక్కించారు. అయినా ఊపిరి తీసే కండరాలు కూడా ఆగిపోవడంతో 19 రోజులు వెంటిలేటర్ మీద ఉన్నాను. ఆ తర్వాత కూర్చోవడం, నిలబడడం, నడవడం మళ్ళీ మొదటి నుంచి నేర్చుకున్నాను.

ఇప్పుడు కర్ర సాయంతో నడుస్తున్నాను. వేళ్ళ కొనల్లో స్పర్శ సగమే ఉంది. గుప్పిట బిగియదు. మొన్న టెలిస్కోపు మీది గుడ్డ తీసి ఫోకస్ మర తిప్పబోయాను. వేళ్ళు దాని మీద జారిపోయాయి, మర కదలలేదు. మళ్ళీ గుడ్డ కప్పేసి లోపలికి వచ్చాను. ఇరవై కిలోల వస్తువు. నేనిక దాన్ని ఎత్తగలనని అనిపించడం లేదు. చూడగలిగినవారి చేతిలో ఉంటే ఆ అద్దానికైనా న్యాయం జరుగుతుంది కదా.

తోకచుక్క

అమ్మకండి.

మూడో_కన్ను

ఒక్క మాటలో తేల్చేసే విషయం కాదు ఇది. నేను అమ్మాను, బాధపడలేదు.

నాకు మూడేళ్ళ కిందట గుండెకు బైపాస్ అయింది. ఎదురు రొమ్ము ఎముకను కోసి మళ్ళీ తీగలతో కట్టారు. అది అతుక్కునే దాకా నాలుగైదు కిలోలకు మించి ఏదీ ఎత్తవద్దన్నారు. నాది పది అంగుళాలది. గదిలో మూల నిలబడి ఉన్న దాన్ని చూసినప్పుడల్లా నేను చేయలేనివన్నీ గుర్తొచ్చేవి. అమ్మేసి 10×50 బైనాక్యులర్ ఒకటి దగ్గర పెట్టుకున్నాను. కిలో బరువు కూడా ఉండదు. వాలు కుర్చీలో వెనక్కి వాలి, మోచేతులు కుర్చీ చేతుల మీద ఆనించి చూస్తాను. పాలపుంత వెంబడి అలా నెమ్మదిగా వెళ్తుంటే గంటలు తెలియవు. టెలిస్కోపు ఉన్న రోజుల్లో ఇంత సేపు ఆకాశం చూసినట్టు నాకు గుర్తు లేదు.

కాబట్టి అమ్మితే ఓడిపోయినట్టు కాదు.

ధ్రువం

మూడో కన్ను గారి అనుభవం నిజమే. కానీ ఎముకకూ నరానికీ తేడా ఉంది. ఎముక ఎప్పటికి అతుకుతుందో ముందే అంచనా వేయొచ్చు. నరం అలా కాదు, చాలా నెమ్మది.

నేను ఫిజియోథెరపిస్టును. రాత్రుళ్ళు మీ అందరిలాగే ఆకాశం చూస్తాను. ఈ జబ్బులో నరం మీది పొర మాత్రమే దెబ్బతింటే కొంత త్వరగానే కోలుకుంటుంది. లోపలి తంతువు కూడా దెబ్బతింటే అది మళ్ళీ పెరగాలి. ఆ పెరుగుదల రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు. మోచేతి నుంచి వేలి కొన దాకా స్కేలు పెట్టి కొలిచి చూడండి, 400 మిల్లీమీటర్లు దాటుతుంది. అంటే ఏడాదికి పైమాట. మీకు ఎనిమిదో నెలే. మీ నరాల పరీక్షలో ఏ రకమని తేలిందో న్యూరాలజిస్టును అడగండి. అది తెలియకుండా చేతుల గురించి శాశ్వత నిర్ణయం తీసుకోవడం తొందరపాటు అని నా అభిప్రాయం.

తోకచుక్క

నేను ఒక్క మాటలో చెప్పింది ఇదే.

పాలపుంత

మనోబలం ముఖ్యం అక్కా. రోజూ ఒళ్ళు అలిసిపోయేదాకా వ్యాయామం చేయండి. నొప్పి వచ్చినా ఆపకండి. నెల తిరిగేసరికి టెలిస్కోపు మీరే ఎత్తుతారు. మా అన్నయ్యకు కాలు విరిగినప్పుడు ఇలాగే బాగుపడ్డాడు.

ధ్రువం

పాలపుంతా, ప్రేమతోనే చెప్పావని తెలుసు. కానీ ఈ సలహా పాటించవద్దని గట్టిగా చెప్పాలి. కోలుకుంటున్న నరాన్ని అలిసిపోయేదాకా వాడితే ఉన్న బలం కూడా కొన్నాళ్ళు తగ్గొచ్చు. అలసటకు ముందే ఆపాలి. ఈ రోజు చేసిన పనికి మర్నాడు కూడా ఒళ్ళు తేరుకోకపోతే చేసింది ఎక్కువైనట్టు. ఈ జబ్బు వచ్చినవారిలో చాలామందికి కండరాల్లో బలం తిరిగొచ్చాక కూడా తీవ్రమైన అలసట మిగిలిపోతుంది. బయటికి కనిపించదు కాబట్టి చుట్టూ ఉన్నవారు సోమరితనం అనుకుంటారు. అది జబ్బులో భాగమే.

పాలపుంత

సరే అన్నా. విరిగిన కాలూ ఇదీ ఒకటే అనుకున్నాను. అక్కా, నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

రాత్రి_కాపలా

ధ్రువం గారూ, ఆ అలసట గురించి రాసినందుకు చాలా కృతజ్ఞతలు. స్నానం చేసి వచ్చి అరగంట పడుకోవలసి వస్తోంది. ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు. అయినా రోజూ నన్ను నేనే తిట్టుకుంటున్నాను. నరాల పరీక్ష కాగితాలు వెతికి తీస్తాను.

ఆర్ద్ర_2020

నా పేరు చూసి చాలామంది అడిగారు కానీ ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు చెబుతాను.

2019 చివర్లో నాకు కీమోథెరపీ మొదలైంది. తెల్ల రక్తకణాలు పడిపోతాయి కాబట్టి జనంలోకి వెళ్ళకూడదు, జ్వరం వస్తే ఎంత రాత్రయినా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. ఇంట్లో ఒక గది, ఒక కిటికీ. సరిగ్గా ఆ నెలల్లోనే ఆర్ద్ర నక్షత్రం మసకబారడం మొదలైంది. మామూలుగా దాని మాగ్నిట్యూడ్ 0.5 దగ్గర ఉంటుంది. కొత్తవాళ్ళ కోసం చెబుతున్నాను, అంకె పెరిగితే వెలుగు తగ్గినట్టు. ఆ చలికాలం వారం వారం తగ్గుతూ పోయింది. అది పేలిపోయి సూపర్నోవా అవుతుందేమో అని ప్రపంచమంతా ఎదురు చూస్తోంది.

నా కిటికీలోంచి ఆర్ద్రా, రోహిణీ, ఆర్ద్ర ఉన్న ఒరాయన్ (వేటగాడు) మండలంలో రెండో భుజం బెల్లాట్రిక్స్ మూడూ కనిపించేవి. మా బృందంలో ఒకరు రోజూ రాత్రి ఎనిమిదికి "ఈ రోజు ఎంత?" అని పంపేవారు. అంతే, రెండు మాటలు. ఎలా ఉన్నావని కానీ, మందులు వేసుకున్నావా అని కానీ అడగలేదు. మిగతా వాళ్ళ దగ్గర మబ్బులు, నా దగ్గర తేట ఆకాశం. నా అంకె వాళ్ళకు కావాలి. వాంతులు అయ్యి వంగిపోయిన రోజు కూడా లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాను, ఎందుకంటే అడుగుతారు. ఫిబ్రవరిలో ఒక రాత్రి బెల్లాట్రిక్స్‌కూ దానికీ తేడా తెలియలేదు. 1.6 అని పంపాను. మిగతా చోట్ల నుంచి వచ్చిన అంకెలు కూడా దాదాపు అంతే.

ఏప్రిల్‌కల్లా వెలుగు తిరిగి వచ్చింది. నక్షత్రం విసిరిన పదార్థం చల్లబడి దుమ్ము మేఘంగా అడ్డుపడిందని 2021లో వివరించారు.

కీమో వల్ల నా వేళ్ళ కొనలు కూడా మొద్దుబారాయి. ఇంకా పూర్తిగా తగ్గలేదు. ఈ అంచనాలకు వేళ్ళతో పని లేదు కదా.

నెలవంక

చదివి కళ్ళు తుడుచుకున్నాను.

తోకచుక్క

ఆర్ద్ర గారి బృందం మంచిది. అందరికీ అలాంటి బృందం దొరకదు. నా సంగతి కూడా వినండి.

నాకు క్షయ వచ్చి వెన్నెముక దాకా పాకింది. ఏడాదికి పైగా మందులు వాడాను. మా బృందం ప్రేమ చూపించింది, కాదనను. కానీ రోజుకు అరవై సందేశాలు వచ్చేవి. త్వరగా కోలుకోండి అని పూలబొమ్మలు, ఏదో ఆశ్రమంలో ఎవరికో నయమైందని వార్తలు, ఫలానా మందు ఆపేయమని సలహాలు. ఒక్కొక్కరికీ జవాబు రాయకపోతే నొచ్చుకునేవారు. పడుకుని ఫోను పైకి పట్టుకుని జవాబులు రాసీ రాసీ మెడ పట్టేసింది. చివరికి బృందంలోంచి బయటికి వచ్చేశాను. కోలుకున్నాక తిరిగి వెళ్ళలేదు. తోటివారి అండ అని అందరూ గొప్పగా చెబుతారు. ఆ అండ మోయాల్సింది కూడా మనమే అయితే అది బరువే.

ఆర్ద్ర_2020

తోకచుక్క గారూ, మీరు చెప్పింది అక్షరాలా నిజం. జవాబు అడగని సందేశం పంపడం చాలామందికి తెలియదు.

నెలవంక

నేను రోగిని కాదు, రోగికి చెల్లెలిని. మా అన్నయ్య చంద్రుడి మీది గుంటలను పెన్సిల్‌తో బొమ్మలు గీసేవాడు. ఒక రాత్రి పక్షవాతం వచ్చింది. కోలుకుంటున్నప్పుడు తెలిసింది, ఎడమవైపు ఉన్నవేవీ మెదడు పట్టించుకోవడం లేదని. చూపు ఉంది కానీ ధ్యాస లేదు. కంచంలో కుడిసగం తిని అయిపోయిందనేవాడు. కోపర్నికస్ గుంట గీయమంటే కుడి అంచు ఒక్కటే గీసి పుస్తకం మూసేశాడు.

చికిత్సలో నేర్పినది ఏమిటంటే కాగితం ఎడమ అంచున ఒక ఎర్రగీత గీయడం. ఆ గీత కనిపించేదాకా కళ్ళు ఎడమకు జరుపు, అక్కడి నుంచి మొదలుపెట్టు అని. పగలు బాగానే జరిగింది. రాత్రి టెలిస్కోపు దగ్గర మనం ఎర్రటార్చి వాడతాం కదా, ఆ వెలుగులో ఎర్రగీత కాగితంలో కలిసిపోయి మాయమైంది! అన్నయ్య గీత కోసం వెతికి వెతికి విసిగి కాగితం నలిపేశాడు. పక్కనే ఉన్న ఆయన స్నేహితుడు ఏమీ అనలేదు. మర్నాడు లావు దారం ఒకటి తెచ్చి పుస్తకంలో ప్రతి పేజీ ఎడమ అంచునా జిగురుతో అతికించాడు. నలభై పేజీలు. అన్నయ్య కుడిచేతి చూపుడువేలితో దారాన్ని తడిమి, అక్కడ పెన్సిల్ ఆనించి మొదలుపెట్టేవాడు. చీకట్లో కంటికి బదులు వేలు.

పదకొండో పేజీలో మొదటిసారి కోపర్నికస్ గుండ్రంగా వచ్చింది. ఎడమ గోడ కొంచెం వంకర. ఆ పేజీ నా దగ్గరే దాచుకున్నాను.

వేగుచుక్క

నెలవంక గారూ, ఆ స్నేహితుడికి నా నమస్కారం చెప్పండి.

రాత్రి_కాపలా అక్కతో ఒక మాట చెప్పాలి. అందరి ముందూ చెబుతున్నాను. అక్కా, నేను మీ దగ్గరే టెలిస్కోపు పట్టుకోవడం నేర్చుకున్నాను. మీరు ఆసుపత్రిలో ఉన్నారని తెలిసిన రోజు నుంచి సందేశం రాయడం, చెరిపేయడం. ఏం రాసినా చిన్నదిగా అనిపించింది. వారం గడిచాక ఇంత ఆలస్యంగా ఏమని రాస్తానని సిగ్గేసింది. నెల గడిచాక ఇంకా సిగ్గేసింది. ఎనిమిది నెలలు అలాగే పోయాయి. తప్పు నాదే. క్షమించండి.

రాత్రి_కాపలా

తమ్ముడూ, నువ్వు రాయలేదని నేను బాధపడ్డది నిజమే. అబద్ధం చెప్పను. ఇప్పుడు రాశావు, చాలు. ఆ పాత రోజుల్లో నువ్వు శని వలయాలు మొదటిసారి చూసి అరిచిన అరుపుకు పక్కింటి కుక్కలన్నీ మొరిగాయి, అది తలచుకుని ఆసుపత్రిలో ఒకరోజు నవ్వాను.

పాత_కటకం

ఇప్పటిదాకా చదువుతూ ఊరుకున్నాను. అమ్మా, అమ్మాలా వద్దా అన్నది తర్వాత చూద్దాం. ముందు నాకొక పని చేసి పెట్టాలి.

నేను ఇరవై ఏళ్ళుగా వెలుగు మారే నక్షత్రాలను లెక్క రాస్తున్నాను. చర తారలు అంటాం. ఈ మధ్య మా ఇంటికి తూర్పున పెద్ద భవనం లేచింది, పెర్సియస్ మండలం పైకి వచ్చేసరికి నాకు అర్ధరాత్రవుతోంది. అల్గాల్ లెక్క ఆగిపోయింది. మీ డాబా తూర్పుకు తెరిచి ఉంటుందని ఒకసారి చెప్పారు. టెలిస్కోపు అక్కర్లేదు, బైనాక్యులర్ కూడా అక్కర్లేదు. ఉత్త కళ్ళు చాలు.

అల్గాల్ అంటే ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే జంట. మసక నక్షత్రం వచ్చి వెలుగు నక్షత్రాన్ని కప్పినప్పుడల్లా వెలుగు 2.1 నుంచి 3.4కు పడిపోతుంది. పడడానికి ఐదు గంటలు, లేవడానికి ఐదు గంటలు. మళ్ళీ ఇంకో గ్రహణం 2 రోజుల 20 గంటల 49 నిమిషాలకు. పక్కనున్న నక్షత్రాలతో పోల్చి అంకె వేయాలి. పెర్సియస్‌లోని డెల్టా 3.0, త్రిభుజ మండలంలోని ఆల్ఫా 3.4, ఆండ్రోమెడా కొసన ఉన్న అల్మాక్ 2.1. పటం గీసి పంపుతాను.

ఇది మొదట వివరించింది ఎవరో తెలుసా? జాన్ గుడ్‌రిక్ అనే కుర్రవాడు. చిన్నతనంలో వచ్చిన జబ్బుతో వినికిడి పోయింది. పొరుగున ఎడ్వర్డ్ పిగట్ అని ఆకాశం పిచ్చి ఉన్న ఒకాయన ఉండేవాడు. ఆ అల్గాల్‌ను చూడు అని చెప్పింది ఆయనే. ఇద్దరూ ఎవరింటి నుంచి వారు చూసి, అంకెలు పోల్చుకునేవారు. చీకటి వస్తువేదో క్రమం తప్పకుండా అడ్డొస్తోందని గుడ్‌రిక్ 1783లో రాయల్ సొసైటీకి తెలియజేసినప్పుడు వయసు 18. ఆ ఏడాదే కోప్లీ పతకం ఇచ్చారు. పిగట్ అతని మీద జాలి చూపించాడని నేను ఎక్కడా చదవలేదు. నక్షత్రాన్ని చూపించాడు.

చుక్కల_లెక్క

పాత కటకం గారు చెప్పని సంగతి ఒకటి. గుడ్‌రిక్ 21 ఏళ్ళకే చనిపోయాడు. అందువల్ల ఇది కోలుకున్నవాడి కథ కాదు. తప్పుగా అనుకోకండి, కచ్చితంగా ఉండాలని రాశాను. డెల్టా సెఫీ అనే నక్షత్రం వెలుగు మారుతుందని 1784లో కనిపెట్టింది కూడా అతనే.

పాత_కటకం

నిజమే నాయనా. నేను కోలుకోవడం గురించి చెప్పలేదు, పిగట్ గురించి చెప్పాను.

రాత్రి_కాపలా

పాత కటకం గారూ, మీకు తెలియని విషయం ఒకటి ఉంది.

వెంటిలేటర్ మీద ఉన్న 19 రోజులూ నాకు పూర్తి స్పృహ ఉంది. ఈ జబ్బులో మెదడుకు ఏమీ కాదు. అన్నీ వినిపిస్తాయి, కనురెప్పలు తప్ప ఏదీ కదలదు. పైకప్పులో తెల్లపలకలు, అక్కడ ఎప్పుడూ ఆరని దీపాలు. రాత్రో పగలో తెలియదు. మీరు మా అన్నయ్య ఫోనుకు రోజూ ఒక మాటల సందేశం పంపేవారు. వాడు దాన్ని నా చెవి దగ్గర పెట్టేవాడు. నిమిషం కూడా ఉండేది కాదు. "ఈ రాత్రి గురుడికి కుడివైపు మూడు, ఎడమవైపు ఒకటి. ఆ ఒకటి చాలా దూరంగా ఉంది. ఉంటానమ్మా." అంతే.

ఆ దూరంగా ఉన్నది కాలిస్టో అయి ఉండాలని అనుకున్నాను. గురుడి నాలుగు చందమామల లెక్క నాకు కంఠతా వచ్చు. అయో 42 గంటలన్నర, యూరోపా మూడున్నర రోజులు, గానిమీడ్ వారం, కాలిస్టో దాదాపు 17 రోజులు. మర్నాడు మీరు ఇటు రెండు, అటు రెండు అంటే, నిన్నటి నుంచి ఏది ఎక్కడికి జరిగి ఉంటుందో పైకప్పు పలకల మీద గీసుకునేదాన్ని. పలకల నడిమి గీత గురుడు. తప్పు వస్తే మళ్ళీ మొదటి నుంచి. అందులో గంటలు గడిచేవి. రోజులు ఎన్నయ్యాయో నర్సులను అడగడానికి గొంతు లేదు. కాలిస్టో ఒక చుట్టు పూర్తి చేసిందని లెక్కకట్టాను, ఆ తర్వాత రెండు రోజులకు గొట్టం తీశారు.

ఇన్నాళ్ళూ మీకు ఎందుకు చెప్పలేదో నాకే తెలియదు. చెబితే ఏడుపు వస్తుందేమో అని.

పాత_కటకం

అమ్మా, వింటున్నారో లేదో అనుకుంటూ పంపాను. మీ అన్నయ్య "పెట్టాను" అని ఒక్క మాట రాసేవాడు. ఇంకేమీ రాయలేకపోతున్నాను. పటం పంపాను, చూడండి.

ఆర్ద్ర_2020

తోకచుక్క గారూ, జవాబు అడగని సందేశం అంటే ఇదీ.

తోకచుక్క

అవును. ఇలాంటిది ఒక్కటి వచ్చి ఉంటే నేను బృందంలోనే ఉండేవాణ్ణి.

మూడో_కన్ను

ఫోకస్ మర విషయం మరిచిపోయాం. బట్టలు ఆరేసే క్లిప్పు ఒకటి తీసుకుని మర అంచుకు పట్టించండి. క్లిప్పు తోక పొడుగ్గా బయటికి ఉంటుంది, దాన్ని వేలితో కాదు, అరచేతి అంచుతో నెట్టితే చాలు. మర చాలా కొంచెంగా, సాఫీగా తిరుగుతుంది. గ్రహాలను ఫోటో తీసేవాళ్ళు చేయి వణుకు తగలకుండా ఎప్పటి నుంచో ఇలాగే చేస్తారు. జబ్బు కోసం పుట్టిన చిట్కా కాదు, మంచి చూపు కోసం పుట్టింది.

వేగుచుక్క

ఎత్తే పని నాది. అక్కా, మీరు సరే అంటే ఆదివారం వచ్చి టెలిస్కోపును చక్రాల బల్ల మీదికి ఎక్కిస్తాను. అప్పుడు తోసుకుంటూ డాబా మీదికి తీసుకెళ్ళొచ్చు.

ధ్రువం

కుర్చీ సంగతి కూడా చూడు. అక్క నిలబడి తల వెనక్కి వాల్చి చూడకూడదు. ఈ జబ్బు రక్తపోటును అదుపులో ఉంచే నరాలను కూడా తాకుతుంది, కళ్ళు తిరిగి పడే ప్రమాదం ఉంది. వెనక్కి వాలే కుర్చీ, కాళ్ళు ఎత్తి పెట్టుకునే వీలు, పక్కన ఒక మనిషి. చీకటికి కళ్ళు అలవాటు పడడానికి ఎలాగూ అరగంట పడుతుంది, ఆ అరగంట విశ్రాంతి అనుకోండి. మొత్తం గంటకు మించవద్దు.

రాత్రి_కాపలా

అల్గాల్ వెలుగు పడడానికే ఐదు గంటలు పడుతుంది కదా ధ్రువం గారూ.

ధ్రువం

మధ్యలో లోపలికి వెళ్ళి పడుకోండి. అరగంటకో అంకె చాలు. నక్షత్రం ఎక్కడికీ పోదు.

చుక్కల_లెక్క

వచ్చే గురువారం తెల్లవారుజామున 2:00కు అల్గాల్ వెలుగు కనిష్ఠం. అది వద్దు. ఆ తర్వాతిది శనివారం రాత్రి 10:49, ఆపై మంగళవారం సాయంత్రం 7:38. శనివారమే నయం, పడడంలో ముఖ్య భాగం చీకట్లో చూడొచ్చు.

నెలవంక

పెన్ను పట్టుకోవడం కష్టమైతే దాని చుట్టూ స్పాంజి చుట్టి రబ్బరు బ్యాండు వేయండి. అన్నయ్యకు అలాగే చేశాం. లావుగా ఉంటే గుప్పిట పూర్తిగా బిగియకపోయినా నిలుస్తుంది.

వేగుచుక్క

టెలిస్కోపు బల్ల మీదికి ఎక్కింది. క్లిప్పు కూడా పెట్టాం. వెంటనే మబ్బులు కమ్ముకున్నాయి. కొత్త పరికరం పెట్టిన రాత్రి తేటగా ఉంటే ఆశ్చర్యపడాలి.

పాలపుంత

శనివారానికి తేటపడాలని గట్టిగా కోరుకుంటున్నాను. దీనికి వ్యాయామం అక్కర్లేదు కదా ధ్రువం అన్నా.

ధ్రువం

అక్కర్లేదు. ఎంతసేపైనా కోరుకో.

రాత్రి_కాపలా

శనివారం. ఆకాశం తేట. అన్నయ్య పక్కనే ఉన్నాడు. రాత్రి 8:30. అల్మాక్ కంటే తక్కువ, డెల్టా కంటే స్పష్టంగా ఎక్కువ. 2.6 వేశాను.

పాత_కటకం

రాసుకున్నాను.

రాత్రి_కాపలా

లోపలికి వెళ్ళి పడుకుని వచ్చాను. 9:30. డెల్టాతో సమానం. రెండింటినీ ఇటూ అటూ మార్చి మార్చి చూశాను, తేడా దొరకలేదు. 3.0. అంకె స్పాంజి పెన్నుతో నేనే రాశాను. సున్నా పూర్తిగా మూసుకోలేదు, అయినా సున్నాలాగే ఉంది.

చుక్కల_లెక్క

నాది 9:25కు 2.9. సరిపోతోంది.

ఆర్ద్ర_2020

నాకు మబ్బు. మీ అంకెల కోసమే కూర్చున్నాను.

రాత్రి_కాపలా

10:15. డెల్టా కంటే తక్కువైపోయింది. త్రిభుజంలోని ఆల్ఫాకు దగ్గరికి వస్తోంది, ఇంకా కొద్దిగా ఎక్కువే. 3.3. కాళ్ళు బరువెక్కాయి. అన్నయ్య దుప్పటి కప్పాడు. ఇంకొక్క అంకె తీసుకుని వెళ్ళి పడుకుంటాను ధ్రువం గారూ, మాట ఇస్తున్నాను.

ధ్రువం

సరే. ఒక్కటే.

తోకచుక్క

నేను కూడా బయటికి వచ్చి చూస్తున్నాను. మూడేళ్ళయింది. పెర్సియస్ దొరకడానికి పది నిమిషాలు పట్టింది. నా అంచనా 3.2, నమ్మకం తక్కువ.

పాత_కటకం

రెండూ రాశాను.

రాత్రి_కాపలా

10:50. ఆల్ఫాతో సమానం. 3.4.

టెలిస్కోపు అమ్మకానికి లేదు. మంగళవారం కూడా చూస్తాను. మీ వైపు భవనం దాటి అల్గాల్ ఎన్నింటికి వస్తుందో చెప్పండి, అక్కడి నుంచి పైకి లేచే సగం మీరు తీసుకోండి.

పాత_కటకం

11:40కి వస్తుంది. ఈ రాత్రి మిగతా సగం నాది, మంగళవారం మిగిలిన చివరి భాగం కూడా. పడుకోండమ్మా.